గని పటం, ఇంటి కాగితం: గోదావరిఖనిలో స్థలాల కొనుగోలు చరిత్ర

తెలంగాణలోని చాలా పట్టణాలు కోట చుట్టూనో, గుడి చుట్టూనో, వారపు సంత చుట్టూనో పెరగగా, గోదావరిఖని మాత్రం గని కోసం గీసిన పటం మీద పుట్టింది. నేల కింద బొగ్గు పొర ఎక్కడ ఉందో, ఏ వైపుకు ఎంత వాలుతో దిగుతుందో, దాన్ని ఏ గని ద్వారా తవ్వాలో నిర్ణయమైన తర్వాతే అక్కడ రోడ్లు పడ్డాయి, బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీ క్వార్టర్లు లేచాయి, క్వార్టర్ల అంచున గుడిసెలు, కొన్నేళ్లకు ఆ గుడిసెల చోటనే పక్కా ఇళ్లు వచ్చాయి. అందువల్ల ఈ ఊళ్లో ఇంటి స్థలం కొనేవారు అమ్మేవాడికి హక్కు ఉందా లేదా అని అడిగి ఊరుకుంటే సగం ప్రశ్నే అడిగినట్టు. ఆ స్థలం మీద, దాని కింద, దాని చుట్టూ కంపెనీ, ప్రభుత్వం ఏమి తలపెట్టాయన్నది మిగతా సగం. ఈ రెండో సగానికి జవాబు చెప్పే కాగితాలు మొదటినుంచీ ఉన్నాయి. ఇల్లు కొనే మనిషి మామూలుగా వెళ్లే కార్యాలయాల్లో అవి ఉండకపోవడం వల్లనే అనేక కుటుంబాల జీవితకాలపు పొదుపు ప్రమాదంలో పడింది.

సింగరేణి చరిత్ర గోదావరిఖనికి చాలా దూరంలో మొదలైంది. 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొంది 1889లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ పేరుతో సంస్థ నమోదైంది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొని దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఇల్లెందు తర్వాత బెల్లంపల్లి, ఆ తర్వాత కొత్తగూడెం గని పట్టణాలుగా ఎదిగాయి. గోదావరి దక్షిణపు ఒడ్డున, కాజీపేట–బల్లార్షా రైలు మార్గానికి చేరువలో ఉన్న రామగుండం బొగ్గు క్షేత్రం వంతు 1950ల చివర, 1960ల మొదట్లో వచ్చింది. జనగామ గ్రామ శివారులోని నేలలు, చుట్టుపక్కల చెలకలు గనుల ప్రాంతంగా, గోదావరిఖనిగా మారాయి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల పల్లెల నుంచి కూలీలు తరలివచ్చారు.

వచ్చినవారందరికీ క్వార్టర్లు దొరకలేదు. దొరకనివారు గనికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఎక్కడ జాగా కనబడితే అక్కడ గుడిసె వేసుకున్నారు. ఆ జాగా కొన్నిచోట్ల కంపెనీ సేకరించిన భూమి, కొన్నిచోట్ల సర్కారు భూమి, మరికొన్నిచోట్ల రైతు పట్టా భూమి. ఈ మూడింటి తేడా అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు, ఎందుకంటే కార్మికుడి లెక్కలో అది ఉద్యోగం ఉన్నంతకాలం తలదాచుకునే చోటు మాత్రమే. కానీ ముప్ఫై ఏళ్ల కొలువులో పిల్లలు అక్కడే పుట్టి పెరిగారు, గుడిసె పెంకుటిల్లయింది, పెంకుటిల్లు స్లాబు ఇల్లయింది, ఆ ఇల్లు చేతులు మారడం మొదలైంది. రిజిస్ట్రేషన్‌కు వీలుకాని చోట స్టాంపు కాగితం మీద నోటరీ సంతకంతోనో, తెల్లకాగితం మీద రాసుకునే సాదా బైనామాతోనో అమ్మకాలు జరిగాయి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు హక్కు పత్రాలుగా చెలామణీ అయ్యాయి; చట్టం దృష్టిలో అవి ఒక మనిషి అక్కడ నివసిస్తున్నాడని చూపేవే తప్ప నేల అతనిదని చెప్పేవి కావు. సింగరేణి ప్రభుత్వానికి తిరిగి అప్పగించిన స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవారికి జీవో 76 కింద పట్టాలు ఇచ్చే ఏర్పాటు బొగ్గు పట్టణాల్లో తర్వాత వచ్చింది గాని, ఆ పరిధిలోకి రాని ఇళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

మొదటి దశలో గనులన్నీ భూగర్భ గనులే. వాలుగా దిగే దారిని ఇంక్లైన్ అంటారు. ఊళ్లోని ప్రాంతాలకు ఫైవింక్లైన్, యైటింక్లైన్ కాలనీ అన్న పేర్లు అలా స్థిరపడ్డాయి. ఈ గనుల్లో బొగ్గును బోర్డ్ అండ్ పిల్లర్ అనే పద్ధతిలో తీశారు, అంటే పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తవ్వుతూ మధ్యలో బొగ్గు స్తంభాలను పైకప్పుకు ఆధారంగా వదిలారు. స్తంభాలు ఉన్నంతకాలం పైనున్న నేల నిలబడుతుంది. రెండో విడతలో ఆ స్తంభాలను కూడా తీసేస్తారు. దాన్ని డీపిల్లరింగ్ అంటారు. అప్పుడు పైకప్పు కూలి, ఆ కదలిక ఉపరితలం దాకా వచ్చి, నేల కుంగుతుంది, పగుళ్లు తేలుతుంది. పైన రోడ్డో, రైలు మార్గమో, ఇళ్లో ఉంటే ఆ ఖాళీని గోదావరి ఇసుకతో నింపేవారు. నీటితో కలిపిన ఇసుకను గొట్టాల ద్వారా గనిలోకి పంపే ఈ పనికి శాండ్ స్టోయింగ్ అని పేరు. కంపెనీకి చెందని కట్టడానికి 45 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు నిర్దేశించాయి.

ఒక ఇంటి భవితవ్యం ఆ ఇంటి కింద ఏ ప్యానెల్, అంటే తవ్వకానికి విడగొట్టిన ఏ భాగం, ఉంది, దాని స్తంభాలను ఎప్పుడు తీస్తారు, ఇసుక నింపుతారా లేదా అన్న మూడు విషయాల మీద ఆధారపడి ఉండేదన్నమాట. ఇవన్నీ గని సర్వే కార్యాలయంలోని పటాల్లో ఉండేవి. ఆ పటాలను గజం స్థలం కొనేవాడు చూసే ఏర్పాటు లేదు. అయినా గనిలో దిగే మనుషులే ఊళ్లో నివసించేవారు కనుక, సర్వే విభాగంలో పనిచేసేవారు, ఓవర్‌మెన్, సర్దార్లు, కోల్ ఫిల్లర్లు మాట్లాడుకునే మాటల్లో పని ఏ వైపుకు సాగుతున్నదో ఇరుగుపొరుగుకు ఎంతో కొంత తెలిసేది. ఇది నోటిమాట సమాచారం, అసంపూర్ణమైనది, కొన్నిసార్లు తప్పు కూడా. అయితే అది కొనుగోలుదారుకు నిజంగా అందుబాటులో ఉన్న ఒకే ఒక తనిఖీ అన్న సంగతి మరచిపోరాదు.

1975లో సింగరేణి తొలి ఉపరితల గని రామగుండం ప్రాంతంలో మొదలయ్యాక ఈ లెక్క పూర్తిగా మారింది. ఉపరితల గని, అంటే జనం ఓసీపీ అని పిలిచే ఓపెన్‌కాస్ట్, బొగ్గు మీదున్న మట్టిని, రాయిని మొత్తంగా తొలగిస్తుంది. కనుక ఆ హద్దులో ఊరు, చెరువు, పొలం, శ్మశానం ఏదీ మిగలదు. తొలగించిన మట్టి ఓబీ గుట్టలుగా గని హద్దు వెలుపల పోగుపడుతుంది, దానికి మళ్లీ భూమి కావాలి. బొగ్గు చేరాలంటే రోడ్డు, కన్వేయర్, రైలు సైడింగు కావాలి, వాటికీ భూమి కావాలి. భూగర్భ గని కాలంలో పైనున్నవాడు, కిందనున్నవాడు ఏదో విధంగా కలిసి బతకగలిగారు. ఓసీపీతో ఆ సహజీవనం సాధ్యం కాలేదు. రామగుండం మూడు ప్రాంతాలుగా, ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3గా విస్తరించిన కొద్దీ మేడిపల్లి నుంచి రామగిరి మండలంలోని లద్నాపూర్ దాకా పల్లెలు గని హద్దుల్లోకి వచ్చాయి. 2014లో ఉత్పత్తి మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ గని భూగర్భ గనే అయినా, ఒక ప్యానెల్‌లోని బొగ్గును పూర్తిగా తీసి పైకప్పును కూలనిచ్చే పద్ధతి కనుక అక్కడ పైనేల కుంగుదల ముందే లెక్కలోకి వచ్చిన విషయం.

పేలుళ్ల సంగతి వేరుగా చెప్పవలసి ఉంది. ఓసీపీలో రాతిని పగలగొట్టడానికి పేల్చే మందుగుండు నేలలో పుట్టించే కంపనాన్ని సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, అంటే ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే డీజీఎంఎస్, 1997లో ఇచ్చిన సాంకేతిక సర్క్యులర్ ప్రకారం కంపెనీకి చెందని మామూలు ఇళ్ల దగ్గర ఈ కంపనం తక్కువ పౌనఃపున్యంలో 5, మధ్యస్థంలో 10, ఎక్కువలో 15 మిల్లీమీటర్లు దాటరాదు. పేలుడు జరిగే చోటి చుట్టూ 500 మీటర్ల వరకు ప్రమాద మండలంగా లెక్కిస్తారు. ఈ పరిమితులు పాటించినా, దశాబ్దాల కిందట పునాది సరిగా లేకుండా లేచిన ఇంటి గోడ ఎలా తట్టుకుంటుందన్నది వేరే ప్రశ్న. ఐదో గని ప్రాంతంలో ఓసీపీ-5 వచ్చాక ఈ ప్రశ్న పల్లెల నుంచి పట్టణం నడిబొడ్డుకు చేరింది. ఒకప్పుడు గనికి దగ్గరగా ఉండటమే విలువగా అమ్ముడైన స్థలాలకు ఆ దగ్గరితనమే భారమైంది.

ఇక భూసేకరణ చట్టం దగ్గరికి వస్తే, కొనుగోలుదారు తెలుసుకోవలసిన అసలు మెలిక అక్కడ ఉంది. 1894 నాటి భూసేకరణ చట్టం కింద మొదటి మెట్టు నాలుగో సెక్షన్ ప్రకటన: ఫలానా సర్వే నంబర్ల భూమి ప్రజాప్రయోజనానికి కావలసి ఉండవచ్చునని ప్రభుత్వం గెజిట్‌లో వెల్లడించడం. 1984 సవరణ తర్వాత దాన్ని రెండు దినపత్రికల్లో, వాటిలో కనీసం ఒకటి ప్రాంతీయ భాషలో, వేయించడం తప్పనిసరి అయింది. అభ్యంతరాలకు 30 రోజుల గడువు. ఆ తర్వాత ఆరో సెక్షన్ కింద తుది ప్రకటన, చివరికి పరిహారం నిర్ణయించే అవార్డు. పరిహారానికి లెక్కించే మార్కెట్ విలువ నాలుగో సెక్షన్ ప్రకటన నాటిది. ఆ తేదీ తర్వాత కలెక్టర్ అనుమతి లేకుండా ఆ భూమిలో పెట్టిన ఖర్చును, చేసిన మెరుగుదలను పరిగణించరాదని 24వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. అంటే ప్రకటన వెలువడిన మర్నాడు స్థలం కొని ఇల్లు కట్టినవాడికి ఆ ఇంటి విలువ రాకపోవచ్చు. ప్రకటన తర్వాత కొన్నవాడు ప్రభుత్వానికి వ్యతిరేకంగా హక్కు వాదించలేడని, అమ్మినవాడికి రావలసిన పరిహారాన్ని మాత్రమే కోరగలడని సుప్రీంకోర్టు 1996లో యూపీ జల్ నిగమ్ కేసులో తేల్చింది, ఆ తర్వాతా అదే మాట మీద నిలిచింది.

ఇంత తీవ్రమైన ఫలితం గల ప్రకటన, స్థలం కొనేవారు నమ్ముకునే పత్రంలో కనిపించేది కాదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలను, తనఖాలను చూపుతుంది. గెజిట్ ప్రకటన రిజిస్టరైన దస్తావేజు కాదు గనుక అది ఈసీలోకి ఎక్కదు. ఈసీ శుభ్రంగా ఉంది కదా అని కొన్నవారు చట్టాన్ని నిర్లక్ష్యం చేసినవారు కారు. తమకు చెప్పిన జాగ్రత్తను పూర్తిగా పాటించినవారే. లోపం ఆ జాగ్రత్తలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలో చేరిన 22-ఎ సెక్షన్ నిషేధిత ఆస్తుల జాబితాను తెచ్చి ఈ ఖాళీని కొంత పూడ్చింది. 2014 జనవరి 1 నుంచి 1894 చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం మరింత ముందుకు వెళ్లి, 11వ సెక్షన్ కింద తొలి ప్రకటన వెలువడినప్పటి నుంచి ప్రక్రియ ముగిసేదాకా ఆ భూమి మీద లావాదేవీలనే నిషేధించింది. అంతకు ముందే సామాజిక ప్రభావ అంచనా జరగాలని కోరింది. ఈ అంచనా నుంచి కొన్ని రకాల ప్రాజెక్టులను మినహాయించే వీలును తెలంగాణ 2017లో సవరణ ద్వారా తెచ్చుకుంది. ఊరివాళ్లకు రాబోయేదాన్ని ముందుగా చెప్పే దశ అదే కనుక, ఆ మినహాయింపు కొనుగోలుదారు కోణం నుంచి నష్టమేనని చెప్పక తప్పదు.

ఈ వ్యవస్థలో అందరికంటే బలహీనంగా నిలిచినవారు దూరదేశం నుంచి కొన్నవారు. 1970ల చమురు ధరల పెరుగుదల తర్వాత ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి దుబాయ్, సౌదీ, కువైట్, బహ్రెయిన్‌లకు సాగిన వలసలు రామగుండం పరిసర పల్లెలనూ తాకాయి. 1990లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య స్వచ్ఛంద పదవీ విరమణలతో, యంత్రాలతో తగ్గుతూ రాగా, కార్మికుల కొడుకులు గల్ఫ్ బాట పట్టారు, చదువుకున్నవారు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా చేరారు. వారు పంపిన డబ్బుతో ఊళ్లోని అన్నో, తమ్ముడో, బావమరిదో స్థలం చూసి బేరం చేసేవాడు. రిజిస్ట్రేషన్‌కు రాలేనివారు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ, రాసి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపేవారు. అది దేశానికి చేరిన మూడు నెలల్లో స్టాంపు సుంకం చెల్లించి చెల్లుబాటు చేయించాలి. అమ్మకానికి బదులు జీపీఏనే చేతులు మార్చే అలవాటూ పెరిగింది. అలాంటి పత్రం యాజమాన్యాన్ని బదిలీ చేయదని 2011 అక్టోబర్ 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊళ్లో ఉన్నవాడికి నోటిమాటగానైనా అందే గని కబురు రియాద్‌లో పన్నెండు గంటలు పనిచేసేవాడికి అందేది కాదు. అతని తరఫున చూసినవాడు హద్దురాళ్లు చూశాడు, అమ్మేవాడి కాగితాలు చూశాడు; గెజిట్ చూడాలన్న ఆలోచన ఆ ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు.

ఇదే గోదావరిఖని బిడ్డ ఇంగ్లండులోని పాత బొగ్గు ప్రాంతంలో ఇల్లు కొంటే పద్ధతి వేరుగా ఉంటుంది. అక్కడ 1994 నాటి చట్టంతో కోల్ అథారిటీ పేరుతో ఏర్పడిన సంస్థ పాత, కొత్త గనుల పటాలన్నింటినీ ఒకచోట భద్రపరచింది. కొనుగోలుదారు న్యాయవాది రుసుము కట్టి అడిగితే, ఆ ఇంటి కింద గతంలో తవ్వకం జరిగిందా, ఇప్పుడు జరుగుతున్నదా, భవిష్యత్తులో జరిగే అవకాశం ఉందా, హద్దుకు 20 మీటర్ల లోపు పాత గని నోరు ఉందా, కుంగుదలకు పరిహారం కోరిన దాఖలా ఉందా అన్న విషయాలతో ఒక నివేదిక అందుతుంది. జర్మనీలోని రైన్ లిగ్నైట్ ప్రాంతంలో గార్జ్‌వైలర్ గని రెండో దశ పథకానికి 1995లోనే ఆమోదం రాగా, ఇమ్మెరాట్ గ్రామపు చర్చిని 2018లో కూల్చారు. ముందుగా తెలియడం అక్కడి జనాన్ని నిర్వాసితులు కాకుండా ఆపలేదు గాని, కొత్తగా ఎవరూ తెలియక కొని మునిగిపోకుండా కాపాడింది. గోదావరిఖనికి కావలసిన పటాలు సింగరేణి దగ్గర, డీజీఎంఎస్ దగ్గర ఉన్నాయి. ఒక సర్వే నంబరు చెప్పి రుసుము కట్టి సామాన్యుడు జవాబు పొందే కిటికీ మాత్రం లేదు.

తలపెట్టిన ప్రాజెక్టు ఎప్పుడూ ఇంటిని మింగేదే కానక్కరలేదు, ఆశ చూపేది కూడా కావచ్చు, ఆ ఆశ మీద కొన్నవారి చరిత్ర కూడా రామగుండంలో ఉంది. 1970లో శంకుస్థాపన జరిగిన ఎరువుల కర్మాగారం బొగ్గును వాయువుగా మార్చి యూరియా తయారుచేయాలన్న పథకంతో మొదలై, ఉత్పత్తి దశకు 1980లో చేరి, 1999లో మూతపడింది. దాని టౌన్‌షిప్‌ను, కార్మికుల జీతాలను నమ్ముకుని చుట్టూ పెరిగిన ఇళ్లు, దుకాణాలు విలువ కోల్పోయాయి; సహజవాయువుతో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా ఆ కర్మాగారం తిరిగి ఉత్పత్తి మొదలుపెట్టేసరికి 2021 వచ్చింది. 1990లలో ప్రకటించిన 520 మెగావాట్ల బీపీఎల్ విద్యుత్ కేంద్రం అసలు కట్టనేలేదు. 1978 నవంబర్ 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన ఎన్టీపీసీ కేంద్రం మాత్రం 1983లో తొలి యూనిట్‌తో మొదలై 2,600 మెగావాట్లకు ఎదిగింది. మూడింటికీ శిలాఫలకాల నాడు జరిగిన హడావుడి ఒక్కటే. మరోవైపు, 2004లో శంకుస్థాపన జరిగిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం 20 టీఎంసీల నీటిని నిలుపుతూ ఎగువ పల్లెలను ముంపులోకి తీసుకుపోయింది. బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ పునరుద్ధరణ గురించిన మాట చాలాకాలం వినిపిస్తూ వచ్చింది. అలాంటి మాటను ప్లాట్లు అమ్మేవారు వాడుకోవడం కొత్త కాదు.

ముందుగా తెలుసుకునే దారి 1997 నుంచి కొంత తెరుచుకుంది. ఆ ఏడాది ఏప్రిల్ 10న కేంద్రం పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణను తప్పనిసరి చేసింది. 2006 సెప్టెంబర్ 14 నాటి ప్రకటన ఆ పద్ధతిని వివరంగా నిర్దేశించింది. దాని ప్రకారం కొత్త గనికి పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా నివేదికను, స్థానిక భాషలో సారాంశాన్ని కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, పురపాలక కార్యాలయంలో అందుబాటులో ఉంచి, కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ఆ నివేదికలో గని హద్దు, అంటే కోర్ జోన్, దాని చుట్టూ 10 కిలోమీటర్ల బఫర్ జోన్ పటాలు, ఓబీ గుట్ట వేసే చోటు, మళ్లించే వాగు, గని ఆయుష్షు, ఖాళీ చేయించవలసిన ఇళ్ల సంఖ్య ఉంటాయి. ఇంటి స్థలం కొనేవారికి ఇంతకంటే ఉపయోగపడే పత్రం ప్రభుత్వ యంత్రాంగంలో మరొకటి లేదు. అయితే గోదావరిఖనిలో ప్రజాభిప్రాయ సేకరణ అంటే అప్పటికే భూమి పోగొట్టుకోబోయేవారు ఉద్యోగం, పరిహారం, పునరావాసం అడిగే సభగా స్థిరపడింది, అది న్యాయమే. కొనబోయేవారు ఆ నివేదిక తెరిచి చూసే అలవాటు ఏర్పడలేదు.

2020 అక్టోబర్‌లో వచ్చిన ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి వచ్చిన భూభారతి విదేశంలో ఉన్నవారికి సర్వే నంబరు వారీగా యాజమాన్యం, నిషేధిత జాబితా చూసుకునే వీలు కల్పించాయి. గని పథకం, ఓబీ గుట్ట హద్దు, పేలుళ్ల మండలం వాటిలో లేవు, రాబోయే రహదారి గీత కూడా లేదు. నాగ్‌పూర్–విజయవాడ కారిడార్‌లో భాగంగా పెద్దపల్లి జిల్లా మీదుగా సాగే 108 కిలోమీటర్ల మంచిర్యాల–వరంగల్ రహదారికి 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది. ఇలాంటి రహదారులకు భూమిని 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద తీసుకుంటారు: 3-ఎ ప్రకటనలో సర్వే నంబర్లు గెజిట్‌కెక్కుతాయి, అభ్యంతరాలకు ఆ తేదీ నుంచి 21 రోజులు ఉంటాయి, 3-డి ప్రకటనతో భూమి కేంద్రానికి సంక్రమిస్తుంది. మంథని, రామగిరి వైపు స్థలం చూస్తున్నవారు ఈ గెజిట్‌ను, సింగరేణి గనుల ప్రభావ అంచనా నివేదికలను, 22-ఎ జాబితాను ఒకే సర్వే నంబరుకు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఈ మూడూ మూడు వేర్వేరు శాఖల చేతుల్లో ఉన్నాయి.